గనిలో ఏమి మిగల్చాలి: మైనింగ్ ఇంజినీరు వృత్తిపై ఒక ప్రసంగం

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, ఈ ఏడాది పట్టా పుచ్చుకుని గనులలో అడుగుపెట్టబోతున్న విద్యార్థులకు నా నమస్కారాలు.

మైనింగ్ ఇంజినీరు ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పమని నన్ను పిలిచారు. జీతభత్యాలు, పదోన్నతులు, రాత్రి షిఫ్టుల కష్టసుఖాలు మీ సీనియర్లు నాకన్నా బాగా చెబుతారు గనుక వాటి జోలికి పోను. ఈ వృత్తిలో ఇంజినీరును వదలకుండా వెంటాడే ప్రశ్న ఒకటుంది. దాని గురించే మాట్లాడతాను. భూమిలో ఉన్న ఖనిజంలో ఎంత తీయాలి అని అడిగితే యాజమాన్యం దగ్గరా, మార్కెట్ దగ్గరా జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఎంత తీయకుండా ఉంచాలి, ఎక్కడ ఉంచాలి, ఏ ఆకారంలో ఉంచాలి అన్నది మాత్రం ఇంజినీరు బల్ల మీదికే వస్తుంది. పిల్లరు వెడల్పు, పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో గట్టు వాలు, నీళ్లు నిండిన పాత గనికీ మన గనికీ మధ్య వదిలే అడ్డుగోడ, ఖనిజమని లెక్కించకుండా డంపుకు, అంటే వ్యర్థాల గుట్టకు, పంపే రాయి, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నకు రకరకాల రూపాలు.

మొదట పిల్లరుతో ప్రారంభిస్తాను, ఎందుకంటే ఇక్కడ లెక్క చిన్నది, పర్యవసానం పెద్దది. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా గ్యాలరీలు అనే సొరంగదారులు తోలుకుంటూ పోతే మధ్యలో చదరపు దిమ్మెలు మిగులుతాయి. గ్యాలరీ తోలకముందు ఆ పొర మొత్తం మోసిన బరువును తోలిన తర్వాత ఆ దిమ్మెలే మోయాలి. బొగ్గు గనులలో ప్రతి మీటరు లోతుకు 0.025 మెగాపాస్కల్ ఒత్తిడి పెరుగుతుందని లెక్క కడతాం. అంటే 100 మీటర్ల లోతులో 2.5 మెగాపాస్కల్. పిల్లర్ల మధ్యబిందువుల నడుమ 18 మీటర్ల దూరం, గ్యాలరీ వెడల్పు 6 మీటర్లు, పిల్లరు వెడల్పు 12 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు అనుకోండి. పిల్లరు మీద పడే ఒత్తిడి దాదాపు 5.6 మెగాపాస్కల్ అవుతుంది. ఆ పిల్లరు భరించగల శక్తి, నేను కాసేపట్లో చెప్పబోయే సూత్రం ప్రకారం, దాదాపు 10.9. ఆ శక్తిని ఒత్తిడితో భాగిస్తే వచ్చే రక్షణ గుణకం 1.9కి కాస్త పైన. ఈ అమరికలో పొరలోని బొగ్గులో 56 శాతం దాకా బయటికి వస్తుంది.

ఇప్పుడు ఎవరో ఒకరు గ్యాలరీని 8 మీటర్లకు వెడల్పు చేద్దామంటారు. పిల్లరు 10 మీటర్లకు తగ్గుతుంది, రాబడి 69 శాతానికి పెరుగుతుంది. ఉత్పత్తి సమావేశంలో ఈ అంకె వినగానే అందరి ముఖాలూ వికసిస్తాయి. కానీ పిల్లరు మీద ఒత్తిడి 8.1కి చేరుతుంది, శక్తి 10.1 దగ్గరికి పడిపోతుంది, రక్షణ గుణకం 1.24 దగ్గర నిలుస్తుంది. అదనంగా వచ్చిన 13 శాతం బొగ్గు కోసం మనం చెల్లించిన మూల్యం అది. కాగితం మీద 1.24 కూడా ఒకటి కన్నా ఎక్కువే గనుక పిల్లరు నిలుస్తుందనే వాదన వెంటనే పుడుతుంది. ఆ వాదనకు జవాబు చెప్పగలిగిన రోజున మీరు ఇంజినీరు అయ్యారని అనుకోవచ్చు.

ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. 1960 జనవరి 21న దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ గనిలో పిల్లర్లు ఒకదాని వెంట ఒకటి నలిగిపోయి, 430 మందికి పైగా కార్మికులు లోపలే సమాధి అయ్యారు. వారి దేహాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. అంతకు కొన్ని వారాల ముందే, 1959 డిసెంబరు చివరిలో, అదే గనిలో ఒక భాగం కూలింది. అయినా పని సాగింది. ఒక పిల్లరు విఫలమైతే అది మోస్తున్న బరువు పక్క పిల్లర్ల మీద పడుతుంది, అవి అప్పటికే అంచున ఉంటే అవీ పోతాయి, అలా నిమిషాల్లోనే చదరపు కిలోమీటర్ల మేర కప్పు దిగిపోతుంది. ఈ దుర్ఘటన తర్వాత జరిగిన పరిశోధనలో సాలమన్, మన్రో అనే ఇద్దరు నిలిచిన పిల్లర్ల ఉదాహరణలు 98, కూలినవి 27 సేకరించి, వాటి కొలతల నుంచి వెనక్కి లెక్క కట్టి 1967లో పిల్లరు బలానికి ఒక సూత్రం ప్రకటించారు. పిల్లరు వెడల్పును 0.46 ఘాతానికి, ఎత్తును 0.66 ఘాతానికి హెచ్చించి, మొదటిదాన్ని రెండో దానితో భాగించి 7.2తో గుణిస్తే బలం మెగాపాస్కల్‌లలో వస్తుంది. నేను ఇందాక వాడింది ఇదే. దీర్ఘకాలం నిలవాల్సిన పిల్లర్లకు రక్షణ గుణకం 1.6 ఉండాలనే ఆనవాయితీ కూడా ఆ అధ్యయనం నుంచే వచ్చింది. ఇది దక్షిణాఫ్రికా బొగ్గుకు కట్టిన సూత్రం. వేరే చోట వేరే రాయికి కళ్లు మూసుకుని వాడకూడదు.

1.6 ఎందుకు, 1.1 ఎందుకు చాలదు? మొదటి పిల్లరునే మళ్లీ తీసుకోండి. ప్లానులో 12 మీటర్లు గీశారు. ఫేసులో, అంటే బొగ్గు తీసే చోట, పేలుడు మందు కాస్త ఎక్కువ పడి, ప్రతి పక్కా అర మీటరు అదనంగా ఊడింది. నిజమైన పిల్లరు 11 మీటర్లే. ఇంకేమీ మారకపోయినా రక్షణ గుణకం 1.94 నుంచి 1.57కి జారిపోయింది. అర మీటరు అంటే మూర కన్నా కాస్త ఎక్కువ, అంతే! ఇక పిల్లరు మధ్యగా ఒక స్లిప్, అంటే జారే చీలిక, పోతున్నా, నేల మెత్తని బంకమట్టి అయినా, పై బొగ్గు కూడా తీద్దామని గ్యాలరీ ఎత్తును 4 మీటర్లకు పెంచినా సూత్రానికి తెలియదు, మనం చెబితే తప్ప. అందుకే కొత్తగా చేరిన ఇంజినీరుకు నేనిచ్చే మొదటి సలహా చాలా సాదాసీదాగా ఉంటుంది: కంప్యూటరు ముందు కూర్చునే ముందు టేపు పట్టుకుని పిల్లరు కొలవండి.

పైకప్పు విషయం వేరు. పిల్లరు గట్టిగా నిలిచినా, రెండు పిల్లర్ల మధ్య కప్పు నుంచి ఒక పెళ్ల రాలితే చాలు, ఒక ప్రాణం పోతుంది. రూఫ్ బోల్టులు వచ్చాక పొరలు పొరలుగా ఉన్న రాతిని ఒకదానికొకటి కుట్టి, కప్పు తన బరువును తానే మోసుకునేలా చేస్తున్నాం. పూర్వం చెక్క ప్రాపులే, అంటే ఊతకర్రలే, ఆధారం. ఆ చెక్కకు ఒక గుణం ఉండేది: బరువు పెరిగే కొద్దీ అది మూలిగేది, చిట్లేది, మనిషికి పారిపోయే వ్యవధి ఇచ్చేది. బోల్టు అలా మాట్లాడదు. కనుక ఆ హెచ్చరికను ఇప్పుడు మనం పరికరాల నుంచి తీసుకోవాలి. కప్పు పొరలు ఎంత విడిపోతున్నాయో చూపే సూచికలు, బోల్టు మీద బరువు కొలిచే లోడ్ సెల్స్ అందుకోసమే. వాటితోపాటు కప్పును కడ్డీతో తట్టి వినే పాత పద్ధతి ఇంకా బతికే ఉంది. గట్టి రాయి ఖంగుమంటుంది, విడిపోయిన రాయి డొల్లగా మోగుతుంది. ఈ విద్య మీకు పట్టా ఇచ్చిన కళాశాల నేర్పదు, ఫేసులో వయసు మీరిన కార్మికుడు నేర్పుతాడు. అతని దగ్గర నేర్చుకోవడానికి చిన్నతనం అనిపించే వాళ్లు ఈ వృత్తికి రాకపోతేనే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఓపెన్‌కాస్ట్‌కు వద్దాం. అక్కడ మిగిల్చే ప్రశ్న తలకిందులుగా వస్తుంది. గట్టును ఎంత నిటారుగా నిలబెడితే అంత తక్కువ మట్టి, అంత తక్కువ ఖర్చు. 300 మీటర్ల లోతున్న గనిలో గట్టు మొత్తం వాలు 45 డిగ్రీలైతే పైఅంచు అడుగు నుంచి 300 మీటర్లు వెనక్కి ఉంటుంది. భద్రత కోసం 40 డిగ్రీలకు తగ్గిస్తే ఆ అంచు మరో 57 మీటర్లు వెనక్కి జరుగుతుంది. కిలోమీటరు పొడవున్న గట్టుకు ఈ ఐదు డిగ్రీలు దాదాపు 86 లక్షల ఘనపు మీటర్ల రాయి అవుతాయి. ఆ రాయినంతా పేల్చాలి, ఎత్తాలి, మోయాలి, డంపు చేయాలి, దాని నుంచి ఒక్క పైసా రాదు. కాబట్టి వాలు గురించిన చర్చ ఎప్పుడూ వేడిగానే సాగుతుంది, అలా సాగాలి కూడా. భయపడి ప్రతి గట్టునూ పడుకోబెట్టేవాడు కూడా మంచి ఇంజినీరు కాడు. కాస్త నిటారుగా నిలబెట్టి, దాన్ని అనుక్షణం కొలుస్తూ, కదలిక వేగం పెరిగిన నాడు మనుషులను బయటికి తెచ్చే ఏర్పాటు ఉంచుకోవడం ఇప్పటి పద్ధతి.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బింగమ్ కాన్యన్ రాగి గని దీనికి గొప్ప ఉదాహరణ. ఆ గట్టు కదులుతోందని రాడార్లు, సర్వే పరికరాలు నెలల ముందే పట్టుకున్నాయి. కదలిక వేగం పుంజుకోవడంతో మనుషులను ఖాళీ చేయించారు. 2013 ఏప్రిల్ 10 రాత్రి గంటన్నర తేడాతో రెండు విడతలుగా గట్టు జారింది. కోట్ల టన్నుల రాయి గని అడుగుకు చేరి, భూకంప కేంద్రాల్లో ప్రకంపనలు నమోదయ్యాయి. ట్రక్కులు, షవెల్‌లు దెబ్బతిన్నాయి, ఉత్పత్తి నెలల తరబడి కుంటుపడింది. ఒక్క మనిషికీ గాయం కాలేదు. ఇలాంటి రాత్రి మన వృత్తిలో అతిపెద్ద విజయం. అయితే అదే గని అడుగున ఉన్న యంత్రాలను ఎందుకు కాపాడలేకపోయారో కూడా అడగండి: గట్టు జారుతుందని తెలిసింది గాని, జారిన రాయి అంత దూరం పరుచుకుంటుందని అంచనా వేయలేదు. ఎప్పుడు పడుతుందనే లెక్క ఒకటి, పడినది ఎక్కడిదాకా వస్తుందనే లెక్క మరొకటి.

ఖనిజం ఏది, రాయి ఏది అనే విభజనను చాలామంది విద్యార్థులు ప్రకృతి చేసినదిగా భావిస్తారు. అది మనం గీసే గీత. దాన్నే కట్-ఆఫ్ గ్రేడ్ అంటాం. రాగి 0.5 శాతం ఉన్న టన్ను రాయిలో ఉండేది 5 కిలోల లోహం. లోహం ధర తగ్గినా, ఖనిజాన్ని శుద్ధి చేసే ప్లాంటులో రాబడి పడిపోయినా ఆ రాయి మరుసటి నెల వ్యర్థమవుతుంది. 1964లో కెనెత్ లేన్ ఈ గీతకు ఒక సిద్ధాంతం ఇచ్చాడు. గనికి, ప్లాంటుకు, మార్కెట్‌కు ఎవరి పరిమితి వారికి ఉంటుంది. వాటిలో ఏది ముందుగా బిగుసుకుంటే దాన్ని బట్టి గీత మారాలి అన్నది దాని సారం. దీన్ని పక్కన పెట్టి, తొలి ఏళ్లలో లాభం కనబడాలని శ్రేష్ఠమైన ఖనిజం మాత్రమే ఏరుకుని తీయించే యాజమాన్యాలు ఉంటాయి. ఏరుకుని తీసిన తర్వాత చుట్టూ మిగిలిన మధ్యరకం ఖనిజం ఒంటరిగా తీస్తే గిట్టుబాటు కాక శాశ్వతంగా భూమిలో చిక్కుకుపోతుంది. ఇది కూడా వదలడమే, కాని ఎవరూ ఆలోచించి వదిలింది కాదు.

తక్కువ గ్రేడు ఖనిజానికి మరో పర్యవసానం ఉంది. ఆ టన్నులో 5 కిలోలు పోగా మిగతా 995 కిలోల్లో దాదాపు అన్నీ పిండై, నీటిలో కలిసి, బురదగా టెయిలింగ్స్ చెరువుకు చేరతాయి. గని మూతపడినా ఆ కట్ట అక్కడే ఉంటుంది. పాత బురద మీదే కొత్త కట్టను లోపలివైపుకు జరుపుకుంటూ ఎత్తు పెంచే పద్ధతి చవక. ఆ బురదలో నీరు దిగకుండా ఉండిపోతే మాత్రం ఏదో ఒక రోజు కట్ట మొత్తం ఒక్కసారిగా ద్రవంలా మారిపోవచ్చు. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో అదే జరిగింది. ఇనుప ఖనిజపు బురద కట్ట తెగి 270 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది గని సిబ్బందే, ఎందుకంటే కార్యాలయాలూ, భోజనశాలా కట్టకు దిగువనే కట్టారు. ఆ కట్టలో అప్పటికి బురద వేయడం ఆపి ఏళ్లయింది. పనిలో లేని కట్ట ప్రమాదంలో లేదనుకోవడానికి వీల్లేదని ప్రపంచానికి తెలిసింది. 2020లో టెయిలింగ్స్ నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. మీలో కొందరైనా తవ్వకం వదిలి ఈ కట్టల పనిలోకి వెళ్లాలని నా కోరిక. పేరు రాదు, ఉత్పత్తి పట్టికలో మీ అంకె ఉండదు, కాని మనుషుల కొరత అక్కడే ఎక్కువ.

భూగర్భ గనిలో గాలి గురించి చెప్పకుండా ముగించలేను. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. చట్టాలు చాలా దేశాల్లో ఒకటి రెండు శాతం దగ్గరే కరెంటు ఆపేయమంటాయి. ఈ అంకెలు మీకు కంఠస్థమే. వాటికన్నా తక్కువగా గుర్తుండే సంగతి, గాలి పరిమాణానికీ ఫ్యాను వినియోగించే శక్తికీ ఉన్న సంబంధం. అవే దారుల్లో రెండింతల గాలి పంపాలంటే నాలుగింతల పీడనం, ఎనిమిదింతల కరెంటు కావాలి. గాలి చాలకపోతే ఫ్యాను పెద్దది చేద్దామనే సూచన వచ్చినప్పుడల్లా ఈ ఎనిమిదిని గుర్తు చేయండి. కూలిన రాయి నిండిన గాలిదారిని శుభ్రం చేయించడం, లేదా మరో దారిని సమాంతరంగా తెరవడం సాధారణంగా చవక. అలాగే, బొగ్గు తీసి కూలనిచ్చిన గోఫ్‌లో గ్యాసు పోగై ఉంటుంది. బయట వాతావరణ పీడనం ఒక్కసారిగా పడిపోయిన రోజున ఆ గ్యాసు వ్యాకోచించి పని జరిగే దారుల్లోకి వస్తుంది. తుఫాను వార్తకూ, వాడిన గాలి బయటికి పోయే మన రిటర్న్ ఎయిర్‌వేలో మీథేన్ రీడింగుకూ సంబంధం ఉంటుందని నమ్మని యువ ఇంజినీర్లకు, గని ఆఫీసు గోడ మీద బారోమీటరు ఎందుకు వేలాడుతుందో వివరించాల్సి వస్తుంది.

గ్యాసు ఒక్కటే శత్రువు కాదు. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనుల్లో 1,099 మంది చనిపోవడానికి కారణం గాలిలోకి లేచిన బొగ్గు ధూళి ఒక చోట అంటుకుని, ముందున్న ధూళిని తానే లేపుకుంటూ, తానే కాల్చుకుంటూ గనులన్నింటా పాకడం. గ్యాలరీల్లో సున్నపురాయి పొడి చల్లే ఆచారం ఇలాంటి దుర్ఘటనల తర్వాతే స్థిరపడింది. మంట వచ్చినప్పుడు ఆ పొడి బొగ్గు ధూళితో కలిసి లేచి, వేడిని మింగి, మంటను ఆపుతుంది. చల్లి ఊరుకుంటే చాలదు. రోజూ పడే కొత్త ధూళి దాన్ని కప్పేస్తుంది. నమూనా తీసి పరీక్షించి మళ్లీ చల్లించాలి. విసుగు పుట్టించే పని. భద్రతలో ఎక్కువ భాగం ఇలాంటి విసుగు పుట్టించే పనులే.

ఆఖరిగా, గని ప్లాను. మనం మిగిల్చేవాటిలో దీన్ని అందరూ మరచిపోతారు. 2002 జూలైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్వీక్రీక్ గనిలో పనిచేస్తున్న కార్మికులు, తమ దగ్గరున్న ప్లాను ప్రకారం, పక్కనున్న పాత గనికి ఇంకా 90 మీటర్ల దూరంలో ఉన్నారు. నిజానికి ఆ పాత గని వాళ్ల ఫేసును ఆనుకునే ఉంది. కట్టర్ ఒక్క కోతతో గోడ తెగి, ఏళ్ల తరబడి నిలిచిన నీరంతా లోపలికి విరుచుకుపడింది. తొమ్మిది మంది చిక్కుకుపోయారు. పైనుంచి బోరు వేసి వేడి గాలిని ఒత్తిడితో పంపి, నీటిని తోడి, మరో పెద్ద బోరు దించి, మూడు రోజులు దాటాక తొమ్మిది మందినీ ప్రాణాలతో బయటికి తీశారు. పాత గని మూసే ముందు చివరి దశలో తీసిన బొగ్గు వాళ్లకు అందిన ప్లానులో లేదు. ఆ చివరి గ్యాలరీలు తోలించిన ఇంజినీరుకు నలభై ఏళ్ల తర్వాత పక్క గనిలో ఎవరు పనిచేస్తారో తెలిసే అవకాశం లేదు. సరైన గీత గీసి దాఖలు చేసి ఉంటే అవసరమూ లేదు. మూసేసిన గని ప్లానును ప్రభుత్వానికి అప్పగించాలని బ్రిటన్ 1872లోనే చట్టం చేసింది, అంతకుముందు శతాబ్దాల తవ్వకాలకు ఏ లెక్కా లేక నీళ్లు విరుచుకుపడి ఎందరో పోయారు గనుక.

కాబట్టి మీరు సంతకం పెట్టే ప్లాను మీద మూడు సంగతులు చూసుకోండి. చివరి సర్వే తేదీ ఉండాలి. కొలిచిన గీత, కొలవకుండా ఊహతో పొడిగించిన గీత వేరువేరుగా కనిపించాలి. ఊహను చుక్కల గీతతో చూపడానికి సిగ్గుపడవద్దు. సర్వే తర్వాత తీసిన ప్రతి మీటరూ, అది గని మూసే హడావిడిలో ఒక షిఫ్టులో తీసినదైనా సరే, ఎక్కాలి. పాత ప్లాను చేతికొస్తే ముందుగా దాన్ని అనుమానించండి: ఏ కొలమానంలో గీశారు, ఉత్తర దిక్కు అయస్కాంతపుదా నిజమైనదా, ఆ గని ఏ తేదీన ఆగింది, ప్లాను ఏ తేదీది. ఆ రెండు తేదీలకు మధ్య తేడా ఉంటే, ఆ తేడా కాలంలో ఎంత తోలి ఉండవచ్చో ఉత్పత్తి రికార్డుల నుంచి లెక్క కట్టి, దాన్ని కూడా ప్లాను చూపే దూరం లోంచి తీసివేయండి. ఆ తర్వాత కూడా ముందుకు పోయే ముందు ఫేసు నుంచి పొడవాటి బోరు రంధ్రాలు ముందుకీ, రెండు పక్కలకీ వేయించి, నీళ్లున్నాయేమో చూడండి.

మీ ప్రశ్నలకు ఇచ్చిన సమయంలో సగం నేనే వాడేశాను. ప్రశ్నలు ఉన్నవారు అడగండి; పిల్లరు లెక్కను బోర్డు మీద చేసి చూపమంటే అదీ చేస్తాను.